మా ఆటలో రోగ్ వెనకబడిపోతోంది: పాచికలు పెంచాలా, నేను ఆట నడిపే తీరు మార్చుకోవాలా?

నల్లరేగడి
ఆదివారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఏడు నెలలుగా ప్రతి ఆదివారం మా ఇంట్లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒకరు కథ నడిపితే మిగతావాళ్లు పాత్రలై పాచికలు వేస్తూ ఆడే ఆట) ఐదో ఎడిషన్ నడుపుతున్నాను. 2014 నియమాలే వాడుతున్నాం. నలుగురు ఆడుతున్నారు: ఫైటర్ (యోధుడు), విజార్డ్ (మంత్రగాడు), క్లెరిక్ (పూజారి), రోగ్ (దొంగ). అందరూ ఐదో లెవెల్‌కు చేరారు. రోగ్ మా చెల్లెలిది.

ఈ రోజు ఆట అయ్యాక బల్ల సర్దుతుంటే, "అన్నయ్యా, వచ్చే వారం నుంచి నేను కూడా ఫైటర్ తీసుకుంటాను" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆ పాత్ర మీద తను ఎంత ప్రాణం పెట్టుకుందో నాకు తెలుసు. మా నాన్నగారి పాత బీరువా తాళాల గుత్తి అడిగి తీసుకుని, ఆట మొదలయ్యే ముందు పాత్ర కాగితం పక్కన పెట్టుకుంటుంది. తన వంతు వచ్చే దాకా ఆ గుత్తిలోని తాళాలు ఒక్కొక్కటీ తిప్పుతూ కూర్చుంటుంది.

ఈ రోజు జరిగింది ఇది. బందిపోట్ల కోట ముంగిట్లో ఓగ్ర్ అనే ఒక రాక్షసుడితో పోరు. ముంగిలి అంతా ఖాళీ, దాక్కోవడానికి చోటు లేదు. దాక్కోకుండా స్నీక్ అటాక్ (రోగ్ దెబ్బకు అదనపు పాచికలు కలిపే విద్య) కుదరదని చెప్పాను. ఆమె ఒక వంతులో అవతలి స్తంభం దాకా పరుగెత్తింది, తరువాతి వంతులో అక్కడ నక్కి బాణం వేసింది. అది తగల్లేదు. ఈలోగా ఫైటర్ వంతుకు రెండు దెబ్బల చొప్పున కొట్టి ఓగ్ర్‌ను పడగొట్టేశాడు. తరువాత లోపలి గది తలుపుకు తాళం ఉంది. 15 రావాలి. ఆమెకు ఇరవై ముఖాల పాచికలో 7 పడింది, పాత్ర నేర్పుకు మరో 7 కలిపితే 14. తెరుచుకోలేదన్నాను. విజార్డ్ "నాక్" మంత్రం వేశాడు, తలుపు తెరుచుకుంది. దొంగ ఉండగా తాళం మంత్రగాడు తీశాడు. ఆ క్షణంలో ఆమె ముఖం నేను చూశాను.

స్నీక్ అటాక్ పాచికలను ఆరు ముఖాలవి కాకుండా ఎనిమిది ముఖాలవి చేద్దామనుకుంటున్నాను. ఇది సరైన పనేనా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

పాచికలపెట్టె
ఆదివారం, రాత్రి 11:52

నల్లరేగడి గారూ, పాచికలు మార్చే ముందు ఒక్క ప్రశ్న. ఆమె మొదటి వంతు వచ్చినప్పుడు ఫైటర్ ఆ ఓగ్ర్ పక్కనే నిలబడి ఉన్నాడా?

ఉంటే ఆమెకు స్నీక్ అటాక్ అప్పుడే దక్కాలి. దాక్కోవలసిన పనే లేదు. 2014 పుస్తకం చెప్పేది ఇదీ: దాడికి అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) ఉండాలి, లేదా లక్ష్యానికి ఐదడుగుల లోపల దానికి మరో శత్రువు స్పృహలో ఉండాలి. రెండో సందర్భంలో రోగ్‌కు డిసడ్వాంటేజ్ (రెండింట్లో చిన్నది తీసుకోవడం) ఉండకూడదు. ఆయుధం ఫినెస్ రకమో (బలానికి బదులు నేర్పుతో వాడగలిగేది), దూరం నుంచి వేసేదో కావాలి. వంతుకు ఒకసారి. ఇంతే. పేరులో "స్నీక్" ఉండడం వల్ల చాలామంది పొరబడతారు. అది నక్కి కొట్టడం కాదు, శత్రువు చూపు మరొకరి మీద ఉన్నప్పుడు సందు చూసి కొట్టడం.

నల్లరేగడి
సోమవారం, ఉదయం 6:45

ఉన్నాడు. మొదటి రౌండు నుంచీ పక్కనే ఉన్నాడు.

రాత్రి పుస్తకం తీసి మళ్లీ చదివాను. మీరు చెప్పినట్టే ఉంది. ఏడు నెలలుగా ఆమెకు రావలసినదాన్ని నేనే ఆపుతున్నాను. చాలా బాధగా ఉంది. ఆమెకు ఫోను చేసి చెప్పాలి.

అయినా ఒక సందేహం. దాదాపు ప్రతి వంతులోనూ మూడు పాచికలు అదనంగా వేయడం మరీ ఎక్కువ కాదా? ఫైటర్ ఆడే అబ్బాయి ఏమనుకుంటాడు?

ఎక్కాలపుస్తకం
సోమవారం, ఉదయం 9:10

ఎక్కువ కాదు. లెక్క వేసి చూద్దాం. ఐదో లెవెల్‌లో ఇద్దరికీ ముఖ్య సామర్థ్యం 18, దాడికి 7 కలుస్తుంది అనుకుందాం. శత్రువు కవచం 15 (తగలాలంటే పాచికతో కలిపి అంత రావాలి) అయితే నూటికి 65 సార్లు దెబ్బ తగులుతుంది. క్రిటికల్ దెబ్బలను (పాచికలో 20 పడితే వచ్చే రెట్టింపు పాచికల దెబ్బలు) పక్కన పెడుతున్నాను.

ఫైటర్ పెద్ద కత్తి దెబ్బకు సగటున 7, బలానికి 4, మొత్తం 11. రెండు దెబ్బలకు 22. అందులో 65 శాతం అంటే 14.3.

రోగ్ రేపియర్ అనే సన్న కత్తితో కొడితే 4.5, నేర్పుకు 4, స్నీక్ అటాక్ మూడు పాచికలకు 10.5. మొత్తం 19. అందులో 65 శాతం అంటే 12.35. స్నీక్ అటాక్ లేకపోతే 8.5 మీద లెక్క కట్టాలి, అంటే వంతుకు ఐదున్నర. మీ చెల్లెలు ఇన్నాళ్లూ ఎక్కువగా ఆ ఐదున్నరతోనే నెట్టుకొచ్చింది.

మీరు అనుకున్నట్టు పాచికలను ఎనిమిది ముఖాలవి చేస్తే 22 వస్తుంది, సగటు 14.3. సరిగ్గా ఫైటర్‌తో సమానం కాబట్టి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఆమెకు అడ్వాంటేజ్ దొరికిన వంతుల్లో తగిలే అవకాశం దాదాపు 88 శాతం, అప్పుడు సగటు 19.3కి పోతుంది. తాళాలు, నక్కడం, గోడలెక్కడం ఎలాగూ ఆమెవే. ఆ పైన పోరులోనూ ఆమెదే పైచేయి అయితే వచ్చే నెల ఇక్కడ ఫైటర్ గురించి రాయవలసి వస్తుంది. ఉన్న నియమాన్ని ఉన్నట్టు అమలు చేయండి, చాలు.

తాళంచెవి
సోమవారం, మధ్యాహ్నం 1:30

పదకొండేళ్లుగా రోగ్ తప్ప మరొకటి ఆడలేదు కాబట్టి మీ చెల్లెలి వైపు నుంచి చెబుతాను.

ఎక్కాలపుస్తకం గారి లెక్క తప్పు కాదు. అయితే సగటులో కనిపించనిది ఒకటుంది. ఫైటర్‌కు ఒక దెబ్బ తప్పితే రెండోది ఉంటుంది. రోగ్‌కు ఒక్కటే. అది తప్పితే మళ్లీ తన వంతు వచ్చే దాకా ఇరవై నిమిషాలు ఖాళీగా కూర్చోవాలి. ఆ ఇరవై నిమిషాలు తాళాల గుత్తి తిప్పుతూ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

దానికి మందు నియమాల్లోనే ఉంది. రెండు చేతుల్లో రెండు చిన్న కత్తులు పట్టుకోమనండి. మొదటి దెబ్బ తప్పినా బోనస్ యాక్షన్‌తో (వంతులో దక్కే అదనపు చిన్న చర్య) రెండో దెబ్బ వేయవచ్చు, స్నీక్ అటాక్ దానికి వర్తిస్తుంది. రెండింట్లో ఒకటైనా తగిలే అవకాశం 88 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి వంతు సగటు 16 దాటుతుంది. బాణాలే ఇష్టమైతే 2020లో ఐచ్ఛికంగా వచ్చిన "స్టెడీ ఎయిమ్" ఇవ్వండి. ఆ వంతులో కదలకుండా, బోనస్ యాక్షన్ ఖర్చు పెట్టి గురి చూస్తే అడ్వాంటేజ్ వస్తుంది. ఖాళీ ముంగిలి సమస్య దానితో తీరిపోతుంది.

కత్తి దూసి కొట్టి, కన్నింగ్ యాక్షన్‌తో (ఆ బోనస్ యాక్షన్‌నే తప్పుకోవడానికి వాడే రోగ్ విద్య) వెనక్కి తప్పుకోవాలా, అక్కడే నిలబడి రెండో కత్తి విసరాలా అని ప్రతి వంతులో తేల్చుకోవాలి. రోగ్ ఆడడంలో సంతోషం అదే. మీ బల్ల దగ్గర ఆమెకు ఇంతవరకూ ఆ తేల్చుకునే అవకాశమే రాలేదు.

పాతకోట
సోమవారం, రాత్రి 10:05

నేను ఈ ఆట నేర్చుకున్నది 1990లో, ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లినప్పుడు. రెండో ఎడిషన్ వచ్చి ఏడాదే అయింది. మా గదిలోని వాళ్లు మాత్రం 1978 నాటి అడ్వాన్స్‌డ్ పుస్తకం వదిలేవారు కాదు. పెద్దవాడిని కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లి చెబుతాను, ఓపిక పట్టండి.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి ఆటలో దొంగ లేడు. యోధుడు, మంత్రగాడు, పూజారి, ఈ ముగ్గురే. దొంగ 1975లో గ్రేహాక్ అనుబంధంతో వచ్చాడు. అతనితో పాటు నూటికి ఇన్ని అని లెక్క కట్టిన విద్యల పట్టిక వచ్చింది. 1978 పుస్తకంలో ఒకటో లెవెల్ దొంగ అంకెలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: తాళం తీయడం 25, ఉచ్చు పట్టడం 20, చప్పుడు లేకుండా నడవడం 15, నీడలో దాక్కోవడం 10. గోడ ఎక్కడం ఒక్కటే 85. జాతిని బట్టి, చేతి నేర్పును బట్టి కొంచెం కలిసేది. దాక్కోవడమే వృత్తి అయినవాడు పదిసార్లలో తొమ్మిదిసార్లు పట్టుబడేవాడు. ప్రాణానికి ఆధారం ఒక్క ఆరు ముఖాల పాచిక.

మరి ఎందుకు ఆడేవాళ్లం? అప్పటి సమతూకం రౌండు రౌండుకూ చూసేది కాదు, నెలల మీద చూసేది. రెండో లెవెల్‌కు దొంగకు 1,251 అనుభవ పాయింట్లు చాలు. ఫైటర్‌కు 2,001, మంత్రగాడికి 2,501 కావాలి. మిగతావాళ్లు రెండో మెట్టు మీద ఉండగా దొంగ మూడో మెట్టు ఎక్కేవాడు. 2000లో అందరికీ ఒకే పాయింట్ల పట్టిక వచ్చాక ఆ ఊతం పోయింది. అప్పటి నుంచి దొంగను ఎలా నిలబెట్టాలన్న ప్రశ్న ప్రతి ఎడిషన్‌కూ వస్తూనే ఉంది.

నన్ను ఇప్పటికీ బాధించేది మరొకటి. దొంగ లేని రోజుల్లో ఎవరైనా బూట్లు విప్పి, గోడ వారగా, మెల్లగా అడుగులు వేస్తున్నానని చెబితే ఆట నడిపేవాడు విని తీర్పు చెప్పేవాడు. నక్కడం ఒక వృత్తికి రాసిచ్చేశాక మిగతావాళ్లు ప్రయత్నించడమే మానేశారు. అందరికీ ఉన్నదాన్ని తీసి ఒకరికి ఇచ్చి, ఆ ఒకరికీ నూటికి పది మాత్రమే ఇచ్చారు. దొంగ వృత్తి పుట్టుకలోనే ఈ లోపం ఉందని నా నమ్మకం.

గాలిమర
సోమవారం, రాత్రి 10:48

పాతకోట గారూ, మీ మాటలో చివరి భాగంతో ఏకీభవించలేను. 1978 పట్టిక పిసినారితనం నిజమే. కానీ ఒక పని ఒకరిది అని ఉన్నప్పుడే ఆ ఒకరు బల్ల దగ్గర అవసరమైన మనిషి అవుతారు. పూజారికి వైద్యం ఎలాగో దొంగకు తాళం అలాగ.

నన్ను అడిగితే రోగ్ బాగా నలిగింది మూడో ఎడిషన్‌లో. పేరు రోగ్ అయిందీ అప్పుడే. పైకి చూస్తే అన్నీ ఇచ్చారు. లెవెల్‌కు 8 స్కిల్ పాయింట్లు, పైన తెలివితేటలకు మరికొన్ని. ఫైటర్‌కు 2 మాత్రమే. స్నీక్ అటాక్ ప్రతి బేసి లెవెల్‌కూ ఒక పాచిక చొప్పున 19వ లెవెల్‌కు పది పాచికలు. ఇన్నీ ఇచ్చి, ప్రేతాలు, యంత్ర బొమ్మలు, జిగురు ముద్దలు, మొక్కలు, పంచభూతాల జీవులు, వీటిలో దేనికీ స్నీక్ అటాక్ తగలదన్నారు. మేం ఆడిన ఒక ఆటలో ఏడాదికి పైగా సమాధుల కిందే తిరిగాం. పట్టుకున్నదల్లా ఎముకల గూడే. నా పాత్ర కాగితం మీద పాచికలు నాలుగయ్యాయి, ఐదయ్యాయి, బల్ల మీద ఒక్కటీ పడలేదు. ఆట నడిపినవాడు మంచివాడే, నన్ను బాధపెట్టాలని చేయలేదు. ఆయన కథే అలాంటిది.

2009లో పాత్‌ఫైండర్ (మూడో ఎడిషన్ నియమాల నుంచి పుట్టిన మరో ఆట) ఆ నిషేధాన్ని చాలావరకు ఎత్తేసింది. ఐదో ఎడిషన్‌లో అసలు లేదు. నల్లరేగడి గారూ, మీరు ఆ కాలంలో లేకపోవడం మీ చెల్లెలి అదృష్టం.

సీసపుబొమ్మ
మంగళవారం, ఉదయం 8:15

2008 నాటి నాలుగో ఎడిషన్‌ను ఎవరూ తలచుకోలేదు కాబట్టి నేను తలుస్తాను. అందులో రోగ్‌ను "స్ట్రైకర్" అని నేరుగా పిలిచారు, నీ పని గట్టిగా కొట్టడం అని తేల్చి చెప్పారు. ఒకటో లెవెల్ నుంచే స్నీక్ అటాక్ రెండు పాచికలు. శత్రువును అటు జరిపి, ఇటు తిప్పి కొట్టే ఎత్తులు బోలెడు. పోరులో రోగ్ ఎందుకూ అన్న ప్రశ్నే మా బల్ల దగ్గర రాలేదు. నాలుగేళ్లు ఎంతో ఇష్టంగా ఆడాను.

మూడోగంట
మంగళవారం, సాయంత్రం 7:20

అందరూ రోగ్ బలహీనం అంటున్నారు. నేను నడిపే ఆటలో బాధ దీనికి పూర్తిగా తలకిందులు.

మావాళ్లది పన్నెండో లెవెల్. పదకొండులో రోగ్‌కు "రిలయబుల్ టాలెంట్" వచ్చింది. తనకు పట్టున్న విద్యలో పాచిక మీద 9 గానీ, అంతకంటే తక్కువ గానీ పడితే దాన్ని 10గా లెక్కించాలి. నేర్పుకు 5, ఎక్స్‌పర్టైజ్‌తో (ఒక విద్యలో పట్టును రెట్టింపు చేసేది) 8, మొత్తం 13. అంటే నక్కినప్పుడల్లా కనీసం 23. మామూలు కాపలావాడి చూపు 12. ఎదిగిన ఎర్ర డ్రాగన్ చూపు 23. పైగా రేంజర్ (అడవి వేటగాడి పాత్ర) "పాస్ వితౌట్ ట్రేస్" మంత్రం వేస్తే మరో 10 కలుస్తుంది, 33. దానిని పట్టుకోగల కాపలా నా దగ్గర లేదు.

దాంతో ఏమైందంటే, ఏ కోటకు వెళ్లినా రోగ్ ఒక్కడే ముందు లోపలికి వెళ్తాడు. నలభై నిమిషాలు నేనూ అతనూ మాట్లాడుకుంటాం. మిగతా ముగ్గురూ ఫోన్లు చూసుకుంటారు. పోయిన వారం క్లెరిక్ ఆడే ఆమె, "మీ భాగం అయ్యాక పిలవండి, వంటింట్లో ఉంటాను" అని లేచి వెళ్లింది. ఇది అతని తప్పు కాదు. అతను తన పాత్ర ఏం చేయాలో అదే చేస్తున్నాడు. కానీ తూకం తప్పిందనడానికి ఇంతకంటే గుర్తు ఏం కావాలి?

తాళంచెవి
మంగళవారం, రాత్రి 9:00

మూడోగంట గారూ, దయచేసి ఆ 23ను తగ్గించకండి. పదకొండు లెవెళ్లు ఎదురుచూసి సంపాదించుకున్నది అది. కాపలావాళ్ల చూపును 25కి పెంచినా అంతే. దానివల్ల ఇనుప కవచం వేసుకున్న ఫైటర్‌కు ఉన్న కొద్దిపాటి ఆశ కూడా పోతుంది, రోగ్ మీద పెద్ద ప్రభావం ఉండదు.

ఒక్కడే వెళ్లడాన్ని మార్చండి. పుస్తకంలో గ్రూప్ చెక్ ఉంది కదా. అందరూ పాచిక వేస్తారు, సగం మంది నెగ్గితే జట్టంతా నెగ్గినట్టే. అతని 23 ఒక నెగ్గు, రేంజర్ మంత్రంతో మరొకరు నెగ్గుతారు, క్లెరిక్ గొలుసుల చప్పుడు వాళ్ల చాటున కలిసిపోతుంది. అప్పుడు రోగ్ నేర్పు తన ఒక్కడి సొత్తుగా కాకుండా జట్టుకు గొడుగులా పనిచేస్తుంది. ఒంటరిగానే వెళ్లాలంటే ఐదు నిమిషాల్లో ముగించండి. "మూడు గదులు చూశావు, ఇవీ కనిపించాయి" అని చెప్పి అందరినీ ముందుకు నడిపించండి.

ఇక నల్లరేగడి గారి నాక్ మంత్రం సంగతి. ఆ మంత్రం వేసినప్పుడు ధడేల్‌మని చప్పుడు వస్తుంది, మూడు వందల అడుగుల దాకా వినిపిస్తుంది. మీ బందిపోట్లకు వినిపించిందా?

నల్లరేగడి
మంగళవారం, రాత్రి 9:25

లేదు. ఆ వాక్యం నేను గమనించనే లేదు.

ఎక్కాలపుస్తకం
మంగళవారం, రాత్రి 9:50

మరో సంగతి కూడా గమనించండి. ఐదో లెవెల్ విజార్డ్‌కు రెండో స్థాయి మంత్రాలు రోజుకు మూడు మాత్రమే. తాళం తీయడానికి ఒకటి ఖర్చు చేస్తే అదృశ్యం కావడానికో, తప్పించుకోవడానికో ఒకటి తగ్గుతుంది. మీ చెల్లెలి పనిముట్లు రోజుకు ఎన్ని తాళాలైనా తీస్తాయి. కాబట్టి ఆటలో రోజుకు ఒక్క తాళమే ఉంటే మంత్రగాడు గెలుస్తాడు, ఆరు తాళాలుంటే దొంగ గెలుస్తుంది.

పోరులకూ ఇదే వర్తిస్తుంది. 2014 డంజియన్ మాస్టర్ పుస్తకం రోజుకు ఆరు నుంచి ఎనిమిది ఎదురుపాట్లు ఉంటాయన్న అంచనా మీద తూకం వేసింది. మీ ఆటలో ఎన్ని ఉంటాయి?

నల్లరేగడి
మంగళవారం, రాత్రి 10:15

ఒకటి. ఎప్పుడైనా రెండు. ఆదివారం నాలుగు గంటలే దొరుకుతాయి కాబట్టి ప్రతి వారం ఒక పెద్ద పోరు పెట్టి, చివర్లో అందరినీ పడుకోబెట్టి, తరువాతి వారం నిండు బలంతో మొదలుపెడతాను.

ఇప్పుడు అర్థమవుతోంది. విజార్డ్ రోజంతటి మంత్రాలను ఒక్క పోరులో గుమ్మరిస్తున్నాడు. ఫైటర్ యాక్షన్ సర్జ్‌ను (వంతులో మరో చర్య ఇచ్చే విద్య) ప్రతి పోరులోనూ వాడుతున్నాడు. దాచుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. రోగ్ దగ్గర గుమ్మరించడానికి ఏమీ లేదు, ఎందుకంటే ఆమె బలం అలసట లేకపోవడంలో ఉంది. ఎవరూ అలసిపోని ఆట నేను నడుపుతున్నాను.

పాచికలపెట్టె
మంగళవారం, రాత్రి 10:20

ఈ మొత్తం చర్చలో ముఖ్యమైన వాక్యం మీ చివరిదే. పడుకోబెట్టడం ఆట చివర కాకుండా కథలో రాత్రి అయినప్పుడు జరగనివ్వండి. ఒక రోజు కథ మూడు ఆదివారాలు సాగినా ఇబ్బంది లేదు. ఎవరి దగ్గర ఏ మంత్రం మిగిలిందో కాగితం మీద రాయించుకోండి.

గోదారిగట్టు
బుధవారం, ఉదయం 11:00

నేను డల్లాస్‌లో శనివారాలు మా తెలుగు పిల్లలకు ఈ ఆట తెలుగులోనే నడుపుతాను. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. నల్లరేగడి గారి తాళం ఘట్టం చదివినప్పటి నుంచి రాయాలనిపిస్తోంది.

మొత్తం 14 వచ్చింది, 15 కావాలి. "తెరుచుకోలేదు" అన్నారు. అక్కడ కథ ఆగిపోయింది కాబట్టి మంత్రగాడు ముందుకు వచ్చాడు. దొంగ విఫలమైనప్పుడు ఏమీ జరగకపోవడం కంటే ఏదో ఒకటి జరగాలి. ఒక్క అంకె తక్కువైతే తాళం తెరుచుకున్నా, పనిముట్లలో ఒక పుల్ల లోపలే విరిగిపోయిందనండి. లేదా తాళం తెరుచుకునే లోపు మెట్ల మీద ఎవరిదో అడుగు వినిపించిందనండి. "ఆపి దాక్కుంటావా, ఇంకొక్క క్షణం ప్రయత్నిస్తావా?" అని అడగండి. అప్పుడు నలుగురూ ఊపిరి బిగబట్టి ఆమె వైపే చూస్తారు.

ఉచ్చులు కూడా అంతే. "ఉచ్చు కోసం వెతుకుతున్నాను", "పాచిక వెయ్యి", "దొరికింది", "తీసేశాను". ఇందులో దొంగకు పనేముంది? నేను పిల్లలకు ఇలా చెబుతాను: గది నిండా వేలెడు మందాన దుమ్ము ఉంది, తలుపు నుంచి మూడో బండ మీద మాత్రం లేదు. గోడలో రూపాయి బిళ్లంత రంధ్రాలు వరుసగా ఉన్నాయి, వాటి అంచులకు నూనె జిడ్డు ఉంది. రోగ్ ఆడే పాప పాచిక బాగా పడితే బండ కింద సన్నని తీగ కూడా కనిపిస్తుంది. తరువాత ఏం చేయాలో నలుగురూ కలిసి తేలుస్తారు. పాతకోట గారి బాధా తీరుతుంది, గాలిమర గారి మాటా నిలుస్తుంది.

పేరు గురించి కూడా ఒక మాట. మొదట్లో మేం ఈ పాత్రను "దొంగ" అన్నాం. రెండో వారానికే ఆ పాప తోటివాళ్ల సంచుల్లోంచి బంగారం తీయడం మొదలుపెట్టింది, "నేను దొంగను కదా" అని వాదించింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆట నడిపేవారు కూడా పట్టలేరు. జట్టులో ఒకరిపై ఒకరికి నమ్మకం పోయాక ఏ పాచికతోనూ తూకం రాదు. అందుకని పేరు "వేగు" అని మార్చాం. రాజుగారి కోసం చీకట్లో తిరిగి సంగతులు తెచ్చే మనిషి. పాప ఆట తీరే మారిపోయింది.

గాలిమర
బుధవారం, మధ్యాహ్నం 12:40

వేగు. ఇంత మంచి మాట చేతిలో ఉంచుకుని ఇన్నేళ్లు రోగ్, రోగ్ అంటున్నాం.

పాతకోట
బుధవారం, రాత్రి 9:30

గోదారిగట్టు గారూ, దుమ్ము లేని ఆ మూడో బండ నన్ను ముప్పై ఏళ్లు వెనక్కి తీసుకెళ్లింది. నేను కోరుకున్నది అదే. కృతజ్ఞతలు.

ఎక్కాలపుస్తకం
గురువారం, ఉదయం 8:50

పోరు విషయంలో చివరిగా ఒకటి చేరుస్తాను. స్నీక్ అటాక్ "రౌండుకు ఒకసారి" కాదు, "వంతుకు ఒకసారి". ఎవరి వంతులోనైనా సరే. శత్రువు పారిపోతుంటే రియాక్షన్‌తో (ఇతరుల వంతులో చేయగల ఎదురు చర్య) కొట్టే దెబ్బకు, షరతులు కుదిరితే, మళ్లీ స్నీక్ అటాక్ వస్తుంది. మీ ఫైటర్ బ్యాటిల్ మాస్టర్ (యుద్ధపు ఎత్తులు నేర్చిన రకం) అయితే "కమాండర్స్ స్ట్రైక్"తో తన దెబ్బ ఒకటి వదులుకుని ఆమె చేత కొట్టించవచ్చు. 2022లో కొత్త నియమాల పరీక్ష జరిగినప్పుడు దీన్ని సొంత వంతుకే పరిమితం చేసి చూశారు. చివరికి 2024 పుస్తకంలో పాత పద్ధతే ఉంచారు. అది మంచి నిర్ణయం. పక్కవాడి వంతులో కూడా కళ్లు విప్పుకుని చూస్తూ ఉండాల్సిన కారణం రోగ్‌కు అదొక్కటే.

2024 పుస్తకం నుంచి మీరు అరువు తెచ్చుకోదగినది "కన్నింగ్ స్ట్రైక్". ఐదో లెవెల్‌లో వస్తుంది. స్నీక్ అటాక్ పాచిక ఒకటి వదులుకుంటే శత్రువును కింద పడేయవచ్చు, విషం పట్టించవచ్చు, లేదా కొట్టిన వెంటనే ఎదురుదెబ్బ పడకుండా సగం దూరం తప్పుకోవచ్చు. మొదటి రెండింటినీ శత్రువు సేవ్‌తో (తప్పించుకోవడానికి వేసే పాచిక) తట్టుకోవచ్చు. సగటు నష్టం కాస్త తగ్గుతుంది, చేయగలిగినవి పెరుగుతాయి. నాకు అంకెలంటే ప్రాణం, అయినా ఇక్కడ అంకె తగ్గినా ఫరవాలేదని చెబుతున్నాను.

మూడోగంట
శనివారం, రాత్రి 11:30

ఈ రోజు గ్రూప్ చెక్ పెట్టాను. నలుగురిలో ముగ్గురు నెగ్గారు. క్లెరిక్ వంటింట్లోకి వెళ్లలేదు. అయితే ఒంటరి వేగు పనిని ఐదు నిమిషాల్లో ముగించడం మా రోగ్‌కు నచ్చలేదు, తన రోజు తరిగిపోయినట్టుంది అన్నాడు. ఆ సంగతి ఇంకా తేలలేదు.

నల్లరేగడి
రెండు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. రెండు ఆటలు అయ్యాయి. పాచికలు మార్చలేదు.

మొదట చెల్లెలికి క్షమాపణ చెప్పాను. "అయితే ఏడు నెలల పాచికలు బాకీ ఉన్నావు" అంది. ఫైటర్ కాగితం సగం రాసుకుంది కూడా. మరో రెండు వారాలు చూడమని బతిమాలాను.

కోటలో అదే రోజు కొనసాగించాను, ఎవరినీ పడుకోనివ్వలేదు. లోపల ఐదు తాళాలు, మూడు చిన్న పోరులు, ఒక ఉచ్చు. మొదటి ఆదివారం విజార్డ్ అలవాటుగా నాక్ వేశాడు. చప్పుడు వినిపించి ఆరుగురు బందిపోట్లు మెట్లెక్కి వచ్చారు. ఆ పోరులో ఫైటర్ పక్కన నిలబడి ఆమె రెండు కత్తులతో ఆడింది. మొదటిది తప్పింది, రెండోది తగిలింది. మూడు పాచికలు చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. వెయ్యమన్నాను. 6, 5, 5 పడ్డాయి.

ఈ రోజు చివరి తలుపు దగ్గర విజార్డ్ పుస్తకం తెరుస్తుంటే ఆమె చెయ్యి అడ్డుపెట్టి, "మూడు వందల అడుగులు వినిపిస్తుంది, ఆగు" అంది. పాచిక వేసింది, మొత్తం 13. గోదారిగట్టు గారు చెప్పినట్టే చేశాను. తాళం సగం తిరిగింది, అవతలి వైపు ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. ఆపుతావా, కొనసాగిస్తావా అన్నాను. బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. ఆమె గుత్తిలోని తాళం ఒకటి పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "ఆపుతాను. దీపం ఆర్పమను" అంది. అక్కడితో ఈ వారానికి ఆపాం. ఫైటర్ కాగితం సంగతి తను ఎత్తలేదు, నేనూ అడగలేదు.

వచ్చే వారం ఆరో లెవెల్. ఎక్స్‌పర్టైజ్ మరో రెండింటికి వస్తుంది. ఇప్పటికే నక్కడానికి, చేతివాటానికి తీసుకుంది. ఇప్పుడు దేనికి తీసుకోవాలో మిమ్మల్ని అడగమంది.

తాళంచెవి
ఆదివారం, రాత్రి 11:05

మొదటిది దొంగ పనిముట్లకు. ఇన్నాళ్లూ 7తో నెట్టుకొచ్చింది, ఇక 10 అవుతుంది. 15 తాళానికి పాచిక మీద 5 పడితే చాలు. రెండోది పెర్సెప్షన్‌కు (గమనించే నేర్పు). తలుపు అవతల కుర్చీ జరిపింది ఎవరో ఆమెకు తెలియాలి కదా.